మాస్టారి ఎక్సెల్ షీటు, నా స్క్రిప్టు

విశాఖపట్నం నుంచి ఒక పాఠకుడు రాశారు. తన పేరూ కంపెనీ పేరూ వద్దన్నారు. ఉత్తరం పెద్దది, సారం ఇది.

వయసు 29. రుషికొండ మీద ఒక కంపెనీలో ఆరేళ్లుగా పని. పదిమంది క్లయింట్ల సర్వర్లు, అన్నీ కలిపి 60 దాకా, అమెజాన్ క్లౌడ్ ముంబై రీజియన్‌లో ఉన్నాయి. వాటి ఆలనాపాలనా చూసేది ఇద్దరు: ఈయన, 51 ఏళ్ల ఒక సీనియర్. ఆ సీనియర్‌ని ఆఫీసంతా మాస్టారు అంటుంది. సోలారిస్ (పాతకాలపు సర్వర్ ఆపరేటింగ్ సిస్టమ్) యంత్రాల కాలం నుంచి ఇదే పనిలో ఉన్న మనిషి. "చేరిన కొత్తలో నాకు టెర్మినల్ తెరవడం కూడా సరిగ్గా రాదు. పక్కన కూర్చోబెట్టుకుని నేర్పారు. మా నాన్నగారికి ఆపరేషన్ అయినప్పుడు మూడు శనివారాలు నా డ్యూటీ కూడా ఆయనే చేశారు" అని రాశారు.

డ్యూటీ అంటే శనివారం రాత్రి 11 గంటలకి మొదలయ్యే రిలీజ్, అంటే కొత్త కోడ్‌ని సర్వర్లలోకి ఎక్కించడం. మాస్టారు తయారుచేసిన ఎక్సెల్ షీట్‌లో 43 స్టెప్పులుంటాయి. ఒకరు చదువుతుంటే ఇంకొకరు కమాండ్లు కొట్టాలి, అయిన గడికి ఆకుపచ్చ రంగు వెయ్యాలి. ముగిసేసరికి తెల్లవారుజామున 3 అయ్యేది. రెండేళ్ల క్రితం ఈయన ఆ స్టెప్పుల్ని ఒక్కొక్కటే బ్యాష్ స్క్రిప్టుల్లోకి (కంప్యూటర్ తనంతట తానే వరసగా నడిపే కమాండ్ల ఫైళ్లలోకి) మార్చడం మొదలుపెట్టారు. ఇప్పుడవి 3,000 లైన్లు. నాలుగు గంటల పని 25 నిమిషాల్లో అయిపోతోంది. ("27వ స్టెప్పు 'ఐదు నిమిషాలు ఆగాలి' అని ఉంటుంది. ఎందుకో రాసి లేదు. నేను స్లీప్ 300 అని పెట్టేశాను" అని నవ్వుతూ రాసిన ఒక వాక్యం ఉంది. దాని దగ్గరికి మళ్లీ వస్తాను.)

మేనేజర్‌కి ఈ 25 నిమిషాలు బాగా నచ్చాయి. ఈమధ్య గదిలోకి పిలిచి, "ఇది మనిద్దరి మధ్యే ఉండనీ. వచ్చే క్వార్టర్ నుంచి ఆ పనికి ఒకరు చాలని పైకి రాస్తున్నా. ఆ ఒక్కడివీ నువ్వే" అన్నారట.

గత నెలలో ఇంకోటి జరిగింది. వాడని డిస్కులకి నెలనెలా డబ్బు దండగని ఈయన ఒక క్లీనప్ స్క్రిప్టు రాశారు. ఏ సర్వర్‌కీ తగిలించి లేని, 30 రోజులు దాటిన డిస్కులన్నిటినీ అది రాత్రి 2 గంటలకి తుడిచేస్తుంది. ఒక పండగ సెలవుకి ముందు రోజు సాయంత్రం మాస్టారు ఒక క్లయింట్ రిపోర్టుల సర్వర్‌ని పెద్ద మెషీన్‌కి మార్చబోయి, దాని డిస్కుని విడదీసి, మిగతాది పొద్దున చేద్దామని ఇంటికెళ్లారు. రాత్రి స్క్రిప్టు ఆ డిస్కుని తుడిచేసింది. విడదీసే ముందు మాస్టారు అలవాటు కొద్దీ ఒక స్నాప్‌షాట్ (ఆ క్షణానికి డిస్కు నకలు) తీసి పెట్టుకున్నారు కాబట్టి పొద్దున పదింటికల్లా సర్వర్ లేచింది. "పోన్లేరా, డేటా పోలేదు కదా. స్క్రిప్టు చూసుకో" అన్నారట. ఇద్దరూ ఎవరికీ చెప్పలేదు.

స్క్రిప్టులన్నీ ఈయన లాప్‌టాప్‌లో ఉన్నాయి. రాత్రిళ్లు క్రాన్‌లో (వేళకి వాటంతటవే మొదలయ్యే ఏర్పాటులో) నడిచేవి ఈయన పెట్టుకున్న ఒక చిన్న సర్వర్‌లో. రెండు చోట్లా అమెజాన్ ఖాతాలోకి తలుపు తెరిచేది ఈయన సొంత యాక్సెస్ కీయే. శ్రావణంలో పెళ్లి. 18 రోజులు సెలవడిగితే, "తీసుకో, లాప్‌టాప్ మాత్రం దగ్గరుంచుకో" అన్నారు మేనేజర్.

"జరిగింది మేనేజర్‌కి చెప్పాలా? స్క్రిప్టులు కంపెనీకి అప్పగించాలా, లేక కావాలనే కాస్త నెమ్మదించాలా? తిన్నింటి వాసాలు లెక్కపెడుతున్నానేమో అనిపించి నిద్ర పట్టడం లేదు" అని ముగించారు.

*

మీ ఉత్తరంలో రెండు చోట్ల "ఎవరికీ తెలియదు" అని ఉంది. ముందు దాని సంగతి చూద్దాం, ఎందుకంటే అది నిజం కాదు. అమెజాన్ ఖాతాలో ఎవరు ఏ మార్పు చేసినా క్లౌడ్‌ట్రెయిల్ అనే చిట్టాలో నమోదవుతుంది. మీరు అడిగినా అడగకపోయినా 90 రోజుల చరిత్ర అక్కడ ఉంటుంది. ఆ చిట్టాని దాచిపెట్టేలా ఎవరైనా విడిగా ట్రెయిల్ పెట్టి ఉంటే అంతకన్నా ఎక్కువ కాలం ఉంటుంది. డిస్కు తుడిచిన ఆ ఎంట్రీ కూడా ఉంటుంది, మీ పేరుతో. గడియారం మాత్రం గ్రీనిచ్‌ది కాబట్టి మన రాత్రి 2 అక్కడ ముందు రోజు 20:30 అని కనిపిస్తుంది. రేపు ఏ ఆడిటరో, క్లయింటో ఆ పేజీ తెరిస్తే, అప్పుడు మీరు చెప్పుకునే కథ ఇప్పుడు మీ అంతట మీరు చెప్పే కథలా వినిపించదు.

మిమ్మల్ని భయపెట్టడానికి ఇది చెప్పలేదు. భయం కన్నా పెద్ద విషయం ఇంకోటుంది. మీ మేనేజర్ ఒక లెక్క వేస్తున్నారు. ఒక పక్క మీ స్క్రిప్టు: 25 నిమిషాలు, తప్పుల్లేవు. ఇంకో పక్క మాస్టారు: నాలుగు గంటలు, ఎక్సెల్ షీటు. ఈ లెక్కలో ఒక పద్దు లేదు. ఒక రాత్రి స్క్రిప్టు క్లయింట్ డిస్కుని మింగేసింది, షీట్‌లో కూడా లేని ఒక అలవాటు దాన్ని తిరిగి తెచ్చింది. ఆ పద్దు తెలిసింది ఇద్దరికే. ఇద్దరూ నోరు మెదపడం లేదు. ఆయన మీ మీద దయతో ఊరుకున్నారు. మీరు భయంతో ఊరుకున్నారు. ఫలితం మాత్రం ఒకటే: ఆ మౌనం వల్ల ఆయన ఖాతాలోంచే తీసివేత జరుగుతోంది. మీకు నిద్ర పట్టనిది స్క్రిప్టు రాసినందుకు కాదని నా అనుమానం.

ఇక ఆ "ఒకరు చాలు" అన్న మాట. కాగితం మీద వేసి చూడండి. రిలీజ్ వారానికి ఒకటి. 4 గంటలు 25 నిమిషాలైతే మనిషికి 3 గంటల 35 నిమిషాలు మిగిలాయి. ఇద్దరికీ కలిపి 7 గంటల 10 నిమిషాలు. వారానికి 45 గంటలు పనిచేసే మనిషిలో అది ఆరో వంతు కూడా కాదు. మిగతా వారమంతా మాస్టారు ఏం చేస్తున్నారో మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. ప్యాచ్‌లు వేసేదెవరు? క్లయింట్ ఫోన్ ఎవరికి వస్తుంది? నెలాఖరున బిల్లు పెరిగితే ఎందుకు పెరిగిందో వెతికేదెవరు? మేనేజర్‌కి ఆ వివరం తెలియకపోవచ్చు. తెలిసీ ఒక జీతం మిగిల్చాలనే అనుకుంటూ ఉండొచ్చు, అదీ జరిగేదే, కాదని నేను మీకు భరోసా ఇవ్వలేను. కానీ మీ స్క్రిప్టు ఒక మనిషిని మిగిల్చిందన్నది మాత్రం అంకెల్లో నిలబడదు. ఆ మాట ఎవరో చెప్పాలి. చెప్పగలిగినవాళ్లలో మేనేజర్ వినేది మిమ్మల్నే.

ఇప్పుడు మీకు నచ్చని మాట ఒకటి. మీరు మాస్టారి పనిని యంత్రానికి అప్పగించానని అనుకుంటున్నారు. నాకు కనిపిస్తున్నది ఇంకో మాస్టారు తయారవ్వడం. ఆయన దగ్గర 43 గడుల షీటుంది, కనీసం దాన్ని ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు. మీ దగ్గర 3,000 లైన్లున్నాయి, అవి మీ లాప్‌టాప్‌లో, మీ కీతో, మీరు మెలకువగా ఉంటేనే నడుస్తాయి. పెళ్లికి లాప్‌టాప్ తెచ్చుకోమన్నారంటే అర్థమదే. జీలకర్ర బెల్లం చేతిలో పట్టుకుని హాట్‌స్పాట్ ఎవరిస్తారని వెతుక్కునే పెళ్లికొడుకుని తలుచుకుంటే నాకు నవ్వొచ్చింది గానీ, ఆ అమ్మాయికి రాదు. మీరు ఉద్యోగం మానేస్తే ఏమవుతుంది? రివాజు ప్రకారం ఆ సాయంత్రమే మీ యూజర్‌ని ఆపేస్తారు. ఆ కీతో నడిచేవన్నీ అదే క్షణం ఆగిపోతాయి. ఎందుకు ఆగాయో చెప్పేవాళ్లు ఉండరు.

కాబట్టి "కంపెనీకి అప్పగించాలా" అన్న ప్రశ్నకి నా దగ్గర పెద్ద చర్చ లేదు. జీతం తీసుకుంటూ, ఆఫీసు పని కోసం రాసినవి అవి. సాధారణంగా అవి కంపెనీవే. అప్పగించకుండా దాచుకుంటే మీ కుర్చీ భద్రంగా ఉంటుందనిపిస్తుంది, కొన్నాళ్లు ఉంటుంది కూడా. దానికి మీరు కట్టే వెల ప్రతి శనివారం రాత్రి. మాస్టారు పాతికేళ్లుగా అదే కడుతున్నారు. ఎలా అప్పగించాలి, ఎవరి పేరుతో అప్పగించాలి అన్నదే అసలు ప్రశ్న.

నెమ్మదించడం గురించి అడిగారు. ఆయన కోసమని స్క్రిప్టుని పక్కన పెట్టి మళ్లీ చేత్తో కొట్టడం. మీ మనసు మంచిది, ఆలోచన మంచిది కాదు. 2012 ఆగస్టు 1న అమెరికాలో నైట్ క్యాపిటల్ అనే షేర్ల వ్యాపార సంస్థకి జరిగింది గుర్తు చేస్తాను. కొత్త కోడ్‌ని ఎనిమిది సర్వర్లలో పెట్టాలి, చేత్తో. ఏడింటిలో పెట్టారు. ఎనిమిదోది మరిచిపోయారు. రెండో మనిషి సరిచూసే పద్ధతి కూడా లేదు. మార్కెట్ తెరిచాక ఆ ఒక్క సర్వర్‌లో మిగిలిన పాత కోడ్ తప్పుడు ఆర్డర్లు కుమ్మరించింది. దాదాపు 45 నిమిషాల్లో 46 కోట్ల డాలర్లకు పైగా నష్టం. ఆ సంస్థ సొంతంగా బతకలేక ఇంకో సంస్థలో కలిసిపోయింది. రాత్రి రెండున్నరకి 38వ గడికి ఆకుపచ్చ రంగు వేసే మనిషి ఎంత నిష్ఠాపరుడైనా మనిషే. ఇంకో సంగతి, మాస్టారికి ఆ శనివారాలు ఇష్టమని మీకెవరు చెప్పారు? 51 ఏళ్ల మనిషి తెల్లవారుజామున 3కి బండి మీద ఇంటికెళ్లడం ఆయనకేమీ వేడుక కాకపోవచ్చు. ఎప్పుడైనా అడిగారా?

అలాగని స్క్రిప్టు ఉంటే చాలని కూడా అనను. 2017 జనవరి 31న, కోడ్ దాచుకునే సేవ నడిపే గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజినీరు రాత్రి పొద్దుపోయాక ఒక డేటాబేస్ సర్వర్ అనుకుని ఇంకోదాంట్లో డైరెక్టరీ తుడిచేశారు. దాదాపు 300 జీబీలో నాలుగైదు జీబీ మిగిలాక చూసుకున్నారు. పరవాలేదు, బ్యాకప్‌లు తీసే ఏర్పాట్లు ఐదున్నాయి కదా అని వెళ్లి చూస్తే, ఒక్కటీ నమ్మదగ్గట్టు పనిచెయ్యలేదు. డేటాబేస్ వెర్షన్ ఒకటి, బ్యాకప్ తీసే ప్రోగ్రాం వెర్షన్ ఇంకొకటి కావడంతో రోజువారీ బ్యాకప్ కొన్నాళ్లుగా తీయడమే లేదు. అది విఫలమైందని చెప్పే ఈమెయిళ్లు కూడా ఎవరికీ చేరలేదు. చివరికి వాళ్లని కాపాడింది ఏమిటనుకున్నారు? అంతకు ఆరు గంటల ముందు ఒక ఇంజినీరు వేరే పని కోసం చేత్తో తీసి పెట్టుకున్న ఒక స్నాప్‌షాట్. మీ మాస్టారు తీసిన లాంటిదే. ఆరు గంటల డేటా పోయింది, మిగతాది దక్కింది.

ఆ తర్వాత వాళ్లు చేసినది మీకు పనికొస్తుంది. రికవరీ పనినంతా యూట్యూబ్‌లో ప్రత్యక్షంగా చూపించారు. ఏం జరిగిందో, ఏ బ్యాకప్ ఎందుకు పనిచెయ్యలేదో పూసగుచ్చినట్టు రాసి బయటపెట్టారు. తప్పు ఆ ఇంజినీరు మీదికి తోసెయ్యకుండా, ఒక మనిషి చిన్న పొరపాటు చేస్తే ఇంత పోయేలా మన ఏర్పాట్లెందుకున్నాయని వెతికారు. అందరూ తిడతారనుకుంటే చాలామంది మెచ్చుకున్నారు. మీ ఆఫీసు గిట్‌ల్యాబ్ కాదు, నాకు తెలుసు. యూట్యూబ్‌లో పెట్టమనడం లేదు. ఒక పేజీ కాగితం చాలు.

ఆ పేజీ ఎవరికి, ఎలా అన్నది చూద్దాం.

మీరు నేరుగా మేనేజర్ దగ్గరికి వెళ్లి ఒంటరిగా చెప్పొచ్చు. మీ మనసు తేలికపడుతుంది. కానీ జరిగినదాన్ని దాచింది మీరొక్కరే కాదు. సర్వర్‌ని గుట్టుగా లేపి ఊరుకున్నది మాస్టారు. ఆ మాట మీ నోటినుంచి, ఆయనకి తెలియకుండా మేనేజర్ చెవిన పడితే, ఒకరు చాలని రాసుకునే కాగితంలో ఆయనకి వ్యతిరేకంగా ఇంకో వాక్యం చేరుతుంది. మిమ్మల్ని కాపాడబోయినందుకు ఆయన ఇరుక్కుంటారు. నేనైతే ఆ దారి తొక్కను.

ఏమీ చెప్పకుండా స్క్రిప్టుని బాగుచేసి ఊరుకోవచ్చు. ఎక్కువమంది చేసేదిదే. బయటపడకపోయే అవకాశమే ఎక్కువ కూడా. బయటపడితే మీ ఇద్దరి మాట మీద నమ్మకం పోతుంది. బయటపడకపోతే, వచ్చే క్వార్టర్‌లో ఆయన డెస్కు ఖాళీ అయినప్పుడు దాన్ని చూస్తూ మీరు అక్కడే కూర్చుని పనిచెయ్యాలి. దాని బరువెంతో నాకన్నా మీకే బాగా తెలుసు.

మూడోది, ముందు మాస్టారితో మాట్లాడటం. ఆఫీసులో కాదు. సాగర్ నగర్ వైపు ఏ టీ బండి దగ్గరో. రెండు విషయాలు చెప్పాలి. జరిగినదాని మీద ఒక పేజీ రాద్దాం, ఇద్దరి పేర్లూ పెడదాం అని. రెండోది చెప్పడం కష్టం: మేనేజర్ అన్న మాట. "మనిద్దరి మధ్యే" అన్నారు కదా అని మీరు తటపటాయిస్తారు. ఇక్కడ నేను మీకు తీర్పు చెప్పలేను. చెబితే మేనేజర్ నమ్మకాన్ని వమ్ము చేసినట్టవుతుంది, ఆయనకి తెలిస్తే ఆ గదిలోకి మిమ్మల్ని ఇక పిలవరు. చెప్పకపోతే 51 ఏళ్ల మనిషికి ఇంకో ఉద్యోగం చూసుకోవడానికో, పైవాళ్లతో మాట్లాడుకోవడానికో దొరికే రెండు మూడు నెలల వ్యవధి మీ చేతులతో పోతుంది. మధ్యదారి ఒకటుంది: ముందు మేనేజర్ దగ్గరికే వెళ్లి, "మీరు అన్న మాట దాచడం నావల్ల కావడం లేదు సార్, మీరే ఆయనతో మాట్లాడండి" అనడం. దానికి గుండె కావాలి. ఆయన మొహం మాడ్చుకోవచ్చు, మీ అప్రైజల్‌లో అది కనిపించనూ వచ్చు. ఒకటి మాత్రం గట్టిగా చెప్పగలను: అలాంటి రహస్యాన్ని మీ నెత్తిన పెట్టడం మేనేజర్ చెయ్యకూడని పని. దాన్ని మొయ్యడం మీ బాధ్యత అనుకోకండి.

క్లయింట్‌కి చెప్పాలా వద్దా అన్నది మీరిద్దరూ తేల్చేది కాదు. ఒప్పందంలో ఏం రాసుకున్నారో చూసి కంపెనీ తేల్చుకోవాలి. అందుకోసమైనా కంపెనీకి తెలియాలి.

ఇక ఆ పేజీలో ఏం రాయాలి? "నా తప్పు, క్షమించండి" అని రాస్తే అది పనికిరాని కాగితం. స్క్రిప్టు ఎందుకలా చేసిందో రాయండి. మీ ఉత్తరంలో వివరం చదివినప్పుడే నాకు తప్పు ఎక్కడుందో అర్థమైంది, మీకూ ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. 30 రోజులు దాటిందా అని మీరు చూసినది డిస్కు పుట్టిన తేదీ. అమెజాన్ ఇచ్చే డిస్కుల జాబితాలో ఉండేది అదే, ఎప్పుడు విడదీశారో అందులో ఉండదు. ఆ డిస్కు పుట్టి రెండేళ్లో మూడేళ్లో అయి ఉంటుంది, విడదీసి ఎనిమిది గంటలే. స్క్రిప్టు కళ్లకి అది ఎవరికీ అక్కర్లేని పాత డిస్కు.

దీన్ని బాగుచేసేటప్పుడు షరతు ఒక్కటి మార్చి ఊరుకోకండి. 2017 ఫిబ్రవరి 28న అమెజాన్ వాళ్లకే ఇలాంటిది జరిగింది. వర్జీనియాలో ఎస్3 అనే ఫైళ్లు దాచే సేవకి సంబంధించి కొన్ని సర్వర్లని తీసెయ్యబోయి ఒక ఉద్యోగి కమాండ్‌లో ఒక విలువ తప్పు కొట్టారు. అనుకున్నదానికన్నా చాలా ఎక్కువ సర్వర్లు పడిపోయి, కొన్ని గంటలపాటు ఇంటర్నెట్‌లో చాలా భాగం కుంటుపడింది. తర్వాత వాళ్లు ఉద్యోగిని జాగ్రత్తగా ఉండమని చెప్పి ఊరుకోలేదు, పనిముట్టునే మార్చారు. సర్వర్లని మెల్లగానే తీస్తుంది, ఒక కనీస సంఖ్య కన్నా కిందికి పోబోతే ఒప్పుకోదు. మీ స్క్రిప్టుకీ ఆ మొండితనం కావాలి. మొదటి రాత్రి తుడవకూడదు, డిస్కుకి తేదీతో ఒక ట్యాగ్ కట్టి వదిలెయ్యాలి. రెండు వారాల తర్వాత కూడా అది ఎవరికీ తగలకుండా అలాగే ఉంటే, ముందు స్నాప్‌షాట్ తీసి, అప్పుడు తుడవాలి. ఒక్క రాత్రిలో ఐదుకి మించి తుడవాల్సి వస్తే ఏమీ చెయ్యకుండా ఆగి, మీ ఇద్దరికీ మెసేజ్ పంపాలి. స్నాప్‌షాట్లకి రీసైకిల్ బిన్ సదుపాయం ఉంది, దాన్ని ఆన్ చెయ్యండి. ఇవన్నీ రాస్తే ఇంకో 40 లైన్లవుతుందేమో.

గమనించారా, ఆ "ముందు స్నాప్‌షాట్, తర్వాతే తుడవడం" మాస్టారి అలవాటే. ఇన్నాళ్లూ ఆయన వేళ్లలో ఉంది. ఇప్పుడు స్క్రిప్టులోకి వస్తుంది.

నేనూ ఈ పనిలో చాలా ఏళ్లు ఉన్నాను. ఒకసారి, పాత లాగ్‌లు తుడిచే స్క్రిప్టులో డైరెక్టరీ పేరుండే వేరియబుల్ ఖాళీగా వచ్చింది. ఖాళీ పేరు పక్కన ఒక స్లాష్ ఉంటే కమాండ్ ఎక్కడినుంచి తుడవడం మొదలుపెడుతుందో మీకు చెప్పక్కర్లేదు: మొత్తం ఫైళ్లన్నిటికీ మొదలు నుంచి. ఆ రోజు నుంచి ప్రతి బ్యాష్ స్క్రిప్టు మొదట్లో, విలువ లేని వేరియబుల్ కనిపించినా, ఏ కమాండ్ విఫలమైనా అక్కడే ఆగిపోమని రాస్తాను. షెల్‌చెక్ అనే ఉచిత పనిముట్టు ఇలాంటివి ముందే పట్టిస్తుంది. మీ 3,000 లైన్లని ఒకసారి దానికి చూపించండి. ఓ సాయంత్రం పాడవుతుంది, తప్పదు.

అన్నిటినీ టెరాఫామ్ అనే పనిముట్టులోకి మార్చాలా అని కూడా ఒక ముక్క రాశారు. అన్నీ అక్కర్లేదు. బ్యాష్ స్క్రిప్టు "గోలెంలో మూడు బిందెలు పొయ్యి" అని చెబుతుంది. పొరపాటున రెండుసార్లు నడిస్తే ఆరు బిందెలు పోసి, ఇల్లంతా నీళ్లు చేస్తుంది. టెరాఫామ్ లాంటివి "గోలెం నిండుగా ఉండాలి" అని చెప్పించుకుంటాయి. నిండుగా ఉంటే ఏమీ చెయ్యవు, తక్కువైతే తక్కువైనంతే పోస్తాయి. ఈ ఆలోచన కొత్తదేం కాదు, 1993లో ఓస్లో యూనివర్సిటీలో మార్క్ బర్జెస్ తన చుట్టూ ఉన్న కంప్యూటర్లని చూసుకోలేక సీఎఫ్‌ఇంజిన్ అనే ప్రోగ్రాం రాసుకున్నప్పటినుంచీ ఉంది. సర్వర్లు, డిస్కులు, నెట్‌వర్క్ పుట్టించే పనికి టెరాఫామ్ బాగుంటుంది. 2023 ఆగస్టులో దాని లైసెన్స్ మారింది, అది ఇబ్బందైతే దానిలోంచే చీలి వచ్చిన ఓపెన్‌టోఫు ఉంది. సర్వర్ లోపల చేసే మార్పులకి ఆన్సిబుల్ అనే ఇంకో పనిముట్టు. మిగతా అతుకులకి మీ బ్యాష్ ఉండనే ఉంటుంది. ఒక్క జాగ్రత్త: టెరాఫామ్ తన లెక్కంతా రాసుకునే స్టేట్ ఫైల్ మీ లాప్‌టాప్‌లో ఉంచకండి. పాస్‌వర్డ్‌లు కూడా అందులో ఉన్నదున్నట్టు కనిపిస్తాయి. ఎస్3లో వెర్షన్లు ఉంచేలా, ఒకేసారి ఇద్దరు నడపకుండా తాళం ఉండేలా పెట్టండి. ఏమేం మారుస్తుందో టెరాఫామ్ ముందుగా చూపించే ప్లాన్‌లో "డిస్ట్రాయ్" అన్న పక్కన సున్నా కాక ఇంకే అంకె కనిపించినా, అప్లై కొట్టే ముందు రెండో మనిషిని పిలవండి.

ఆ రెండో మనిషి ఎవరో వేరే చెప్పాలా? స్క్రిప్టుల్ని కంపెనీ గిట్‌లో (కోడ్‌నీ దాని మార్పుల్నీ దాచే చోట) పెట్టేటప్పుడు ఏ మార్పైనా ఇంకొకరు చూసి ఒప్పుకుంటేనే కలిసేలా పెట్టండి. చూసేది మాస్టారు. ఆయనకి బ్యాష్ మీకన్నా బాగానే వచ్చి ఉంటుంది, సోలారిస్ మీద షెల్ స్క్రిప్టులు (బ్యాష్ లాంటివే) రాయకుండా ఎవరూ బతకలేదు. టెరాఫామ్ రాకపోవచ్చు, అది మీరు నేర్పాలి. ఆయన ఒప్పుకుంటారా? చెప్పలేను. "ఈ వయసులో నాకెందుకురా" అనొచ్చు. ఆరేళ్ల క్రితం ఆయన మిమ్మల్ని పక్కన కూర్చోబెట్టుకున్నట్టే మీరు ఆయన్ని కూర్చోబెట్టుకుంటే, ఒకటి రెండు శనివారాల్లో తెలిసిపోతుంది. ఆయన నిజంగానే వద్దంటే, మీరు చెయ్యగలిగింది మీరు చేశారు. అప్పుడు మేనేజర్ నిర్ణయం మేనేజర్‌ది.

రిలీజ్ మీ కీతో కాకుండా, కంపెనీ బిల్డ్ సర్వర్ నుంచి, ఆ పనికి మాత్రమే సరిపడే అనుమతులున్న ఒక రోల్‌తో, కాసేపటికే చెల్లిపోయే తాత్కాలిక కీలతో నడవాలి. అది ఎవరు బటన్ నొక్కినా నడవాలి. దాన్ని పరీక్షించడానికి మీ పెళ్లికన్నా మంచి ముహూర్తం దొరకదు. శుభలేఖలు పంచేలోపు, ఒక శనివారం మీరు ఇంట్లో కూర్చుని ఫోన్ స్విచాఫ్ చెయ్యండి, మాస్టారిని నొక్కనివ్వండి. ఆగిపోతే ఎక్కడ ఆగిందో సోమవారం చూసుకోవచ్చు. ఆగకపోతే లాప్‌టాప్ ఆఫీసు డ్రాయర్‌లో పెట్టి పెళ్లికెళ్లండి. మేనేజర్ అడిగితే, "అవసరం లేదు సార్, మాస్టారు ఉన్నారు" అనండి. ఆ లెక్కలో లేని పద్దుని చెప్పడానికి అది కూడా ఒక పద్ధతే.

చివరగా ఆ 27వ స్టెప్పు. అమెజాన్ లోడ్ బ్యాలన్సర్ (వచ్చే అభ్యర్థనల్ని సర్వర్లకి పంచేది) వెనకనుంచి ఒక సర్వర్‌ని పక్కకి తప్పించినప్పుడు, అప్పటికే దానిమీద నడుస్తున్న అభ్యర్థనలు ముగిసేదాకా అది కొంతసేపు ఆగుతుంది. మనం మార్చకపోతే ఆ వ్యవధి సరిగ్గా 300 సెకన్లు. మాస్టారి ఐదు నిమిషాలు అక్కడివే అయి ఉంటాయని నా ఊహ. అదే అయితే, అన్నిసార్లూ అంతసేపు ఆగక్కర్లేదు, సర్వర్ ఖాళీ అయిందా అని స్క్రిప్టుతోనే అడిగించవచ్చు. అది కాక ఇంకేదైనా కారణం ఉంటే, మీరు స్లీప్ తీసేసిన రోజున ఎవరి బిల్లో సగంలో తెగిపోతుంది. టీ తాగేటప్పుడు ఆయన్నే అడగండి. 43లో అలాంటివి ఇంకెన్నున్నాయో కూడా అడగండి, రాసుకోవడానికి ఓ కాగితం పట్టుకెళ్లండి.